ఎర్రగుట్ట కొట్టానికి నాలుగు గంటలు

మే 1
గాలి లేదు. బ్యాటరీ 71 శాతం. బయట 46 డిగ్రీలు, కొట్టంలో 27.

కంట్రోల్ గదిలోని తెర అంకెలు తప్ప మరేదీ తీసుకోదు. అంకెల్లో పట్టనిది ఈ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. చదివేవాళ్ళు లేరు కాబట్టి మర్యాదగా రాయాల్సిన అవసరమూ లేదు.

ఈ రోజు పెట్టె వచ్చింది. ముగ్గురు మనుషులు దాన్ని ట్రక్కులోంచి పెళ్ళికూతుర్ని దించినంత జాగ్రత్తగా దించి, గోడకు బిగించి, సీలు వేసి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోయారు. మా అధ్యక్షుడు ఉజ్జినప్ప దానికి కొబ్బరికాయ కొట్టాడు. కొత్త వస్తువు ఏది కనబడినా ఆయన కొబ్బరికాయ కొడతాడు. పోయినేడు మరుగుదొడ్డి నీళ్ళ ట్యాంకుకు కూడా కొట్టాడు.

ఎర్రగుట్ట మీది గాలీ ఎండా చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ళవి. అలాగని చట్టముంది. ఇరవై రెండేళ్ళ కిందట మా పెద్దవాళ్ళు ఎనిమిది నెలలు రోడ్డుమీద కూర్చుని సాధించుకున్న చట్టం. దాని పుణ్యాన ఆరు గాలిమరలు, పదకొండు ఎకరాల సోలార్ పలకలు, ఒక బ్యాటరీ గది, ఒక చలువకొట్టం మా సహకార సంఘానివి అయ్యాయి. 203 కుటుంబాలు సభ్యులు. ఇప్పుడు వచ్చిన కొత్త విధానం ఆ చట్టానికి 'మరింత బలం' చేకూరుస్తుందట. ఎలాగంటే, సంఘం అవసరానికి పోగా మిగిలిన కరెంటును పెట్టె తనంతట తానే లాగి నగరానికి పంపుతుంది. అవసరం ఎంతో మమ్మల్ని అడగదు. పోయినేడు మేం పంపిన నివేదికలు చూసి సమన్వయ కేంద్రమే తేలుస్తుంది. సీలు తెంపితే గుట్టమీద మా హక్కు ఆగిపోతుంది. బలం చేకూర్చడమంటే ఇదే కాబోలు.

మే 2
బయట 47. కొట్టంలో మధ్యాహ్నం దాకా 27, సాయంత్రానికి 35.

మూడు గంటలకు కొట్టం ఆగిపోయింది.

వేసవిలో మాకు పదకొండుకు సైరన్ మోగుతుంది. నాలుగు ఊళ్ళ జనం చాపలు, చెంబులు, చేతిపనులు పట్టుకుని కొట్టంలోకి వస్తారు. ఆరింటికి గానీ మళ్ళీ బయట కాలు పెట్టరు. మా చిన్నప్పుడు ఎండలో గొర్రెలు కాసేవాళ్ళు. ఇప్పుడు మే నెలలో రెండు గంటలు ఎండలో తిరిగినవాణ్ణి మోసుకు రావాల్సిందే. ఇళ్ళలో ఒక ఫ్యాను, ఒక దీపం. ఆ ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది.

సరిగ్గా మూడింటికి చలువ యంత్రాలు నోరు మూసుకున్నాయి. నూట తొంభై మంది ఒక్కసారిగా తలెత్తి పైన గొట్టాల వైపు చూశారు, గొట్టాలు సమాధానం చెబుతాయన్నట్టు. తెర మీద ఇలా వచ్చింది: "చలువకొట్టం దినసరి అవసరం, నాలుగు గంటలు, పూర్తయినది. మిగులు నగరానికి మళ్ళించబడినది. ధన్యవాదములు."

సుంకులవ్వ తన స్తంభం పక్కనుంచి కేకేసింది. ఎనభై ఒకటి ఆమెకు. ఆనాడు రోడ్డుమీద ముందు వరుసలో కూర్చున్న పెద్దల్లో మిగిలింది ఆమె ఒక్కతే.

"ఏం మే హంపీ, నీ మిషనుకు నిద్దరొచ్చిందా?"

"కేంద్రమోళ్ళ పనవ్వా. మూడింటికే ఆపేసినారు."

"మూడింటికి ఎండ దిగుతాదని వాళ్ళకెవురు చెప్పినారు?"

"వాళ్ళ కంప్యూటరు."

నేను కంట్రోల్ గదికి వచ్చేశాను.

మే 4
బయట 47.

సర్దుకుపోదామని ఉజ్జినప్ప సలహా. కొట్టాన్ని పదకొండుకు బదులు ఒంటిగంటకు మొదలుపెట్టాం. పన్నెండున్నరకే ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు. మళ్ళీ పదకొండుకే మార్చాం. ఏడు గంటల ఎండకు నాలుగు గంటల చలువ ఎటు లాగినా చాలదు. ఈ మాత్రం కూడిక తీసివేత మా అధ్యక్షుడికి రెండు రోజులు ప్రయోగం చేస్తే గానీ తలకెక్కలేదు.

"కేంద్రానికి గట్టిగా రాయన్నా" అన్నాను.

"ఇప్పుడొద్దు హంపమ్మా. ఇరవయ్యో తేదీ మంత్రి వస్తాండాడు. ఆదర్శ సంఘమని బోర్డు ఇస్తాండారు. ఈ పొద్దు ఫిర్యాదు పెడితే బాగుంటాదా?"

బోర్డు కోసం ఆయన ఇప్పటికే గేటు దగ్గర రెండు ఇనుప కంబాలు పాతించాడు. పాతడానికి కదిరమ్మను, నన్ను పిలిచాడు. కదిరమ్మ నాతోపాటు పొద్దున్నే పలకల మీద దుమ్ము దులిపే మనిషి. గుట్టమీద యంత్రాల పని నాకు తర్వాత తెలిసింది ఆమెకే. మాట తక్కువ. "ఇంత పెద్ద కంబాలకు గొట్టాలు బిగించి తడిగుడ్డ కడితే కొట్టంలో ఇంకొక డిగ్రీ తగ్గుతాదన్నా" అంది. ఉజ్జినప్ప నవ్వాడు, ఆమె హాస్యమాడిందనుకుని.

మే 6
బయట 48.

కేంద్రంలో మా మండలం చూసే అధికారి పేరు నిఖిలేశ్. తెర మీద ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో, వెనకాల ఒక పచ్చటి మొక్కతో కనిపిస్తాడు. ఆ మొక్క ప్లాస్టిక్‌దని నా అనుమానం.

"హంపమ్మగారూ, మీ సంఘమంటే మాకెంత గర్వమో తెలుసా? నేను ఎక్కడ మాట్లాడినా మీ కొట్టం ఫోటోతోనే మొదలుపెడతాను."

"ఫోటో సంగతి అట్లుండనీ సార్. కొట్టానికి ఏడు గంటలు కావాల."

"పోయిన వేసవిలో నాలుగు గంటలే నడిపారు కదమ్మా? మీ నివేదికలోనే ఉంది. నాలుగు గంటలతో వేసవి దాటించిన సంఘం రాష్ట్రం మొత్తమ్మీద మీదొక్కటే. అందుకే కదా పొదుపు జాబితాలో మీరు ప్రథమం."

"ఈ ఏడు ఎండ ఎక్కువుండాది సార్."

"అర డిగ్రీ ఎక్కువమ్మా. అర డిగ్రీకి మూడు గంటలా? కేంద్రం అడిగితే నేనేం చెప్పను?"

కేంద్రమంటే తానే అన్న సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. సిగ్నల్ పోతోందని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

మే 8
బయట 48. బ్యాటరీ 66.

నాలుగు రాసింది నేనే.

ఈ మాట ఇక్కడైనా రాయకపోతే ఈ నోటుబుక్కు కూడా నివేదికే అవుతుంది. పోయినేడు కేంద్రం ప్రతి సోమవారం పొదుపు జాబితా పంపేది. మా సంఘం ముప్పై ఏడో స్థానం. ఎదురుగుట్ట సంఘం ఐదో స్థానం. ఆ సంఘం ఆపరేటర్ నాతోపాటే శిక్షణ తీసుకున్నాడు. బ్యాటరీకి ఏ తీగ ఎటు బిగించాలో మూడు నెలలకు గానీ నేర్చుకోలేదు. వాడు నాకంటే పైన ఉండడం నేను ఓర్చుకోలేకపోయాను. ఏడు గంటలు తిరిగిన కొట్టానికి ఒక వారం ఆరు రాశాను. ఎవరూ రాలేదు, అడగలేదు. స్థానం ఇరవైకి వచ్చింది. ఆ తర్వాత ఐదు రాశాను. ఆ తర్వాత నాలుగు. మిగిలిన మూడు గంటల కరెంటును 'తీగల్లో నష్టం' కింద తోసేశాను. ఉజ్జినప్ప సంతకం పెట్టాడు. ఆయన చదివి సంతకం పెట్టిన కాగితం ఇంతవరకు పుట్టలేదు.

అప్పుడు ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు కదా అనుకున్నాను. కొట్టం ఏడు గంటలూ తిరిగింది, జనం హాయిగా పడుకున్నారు, జాబితాలో మేం పైకెక్కాం. ఆ అంకెలకు ఒక రోజు పెట్టె తగిలిస్తారని నాకేం తెలుసు? ఇలా అడిగి ఇంకొకరు తప్పించుకోబోతే నేను ముఖం మీదే నవ్వుదును.

తెర మీద 'సవరణ' అని ఒక మీట ఉంది. నొక్కి చూశాను. "తప్పు నమోదు చేసినది ఎవరు? ఎందుకు?" అని అడిగింది. మూసేశాను.

మే 11
బయట 49.

నల్లప్ప చనిపోయాడు. కదిరమ్మ తండ్రి. డెబ్బై నాలుగేళ్ళు, ఆఖరి గొర్రెల మంద కాచినవాడు. ఐదో తారీకు నుంచి కొట్టానికి రావడం మానేశాడు. "మూడింటికి ఎట్లనూ ఉడకబెడతారు. అదేదో మా ఇంట్లోనే ఉడుకుతా" అన్నాడట. నిన్న సాయంత్రం ఆరింటికి కదిరమ్మ కొట్టంనుంచి ఇంటికి పోయేసరికి నీళ్ళ కుండ పక్కన పడి ఉన్నాడు. కుండలో నీళ్ళున్నాయి.

నియమం ప్రకారం కేంద్రానికి చెప్పాను. అక్కడున్న అమ్మాయి అడిగింది: "మరణం కొట్టం లోపల జరిగిందా, బయటా?"

"ఇంట్లో."

"అయితే అది మా పట్టికలోకి రాదండీ."

మట్టి చేసి వచ్చాక కదిరమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, ఆ నాలుగు గంటలు తేల్చింది ఎవురు?"

"కేంద్రం."

"కేంద్రమంటే గోడలు కదా. మనిషి పేరు చెప్పు. పోయి అడుగుతా."

నా పేరు నోటిదాకా వచ్చిందని రాస్తే అబద్ధం. రాలేదు. "నిఖిలేశ్" అన్నాను.

మే 12
బయట 49.

కదిరమ్మ పనిలోకి వచ్చింది. ఆ పేరు కాగితం మీద రాసుకుంది. ఒత్తులు, దీర్ఘాలు నేనే చెప్పాను. నిఖిలేశ్ పనికిమాలినవాడే. ఈ పని మాత్రం అతను చెయ్యలేదు. ఇన్నాళ్ళూ ఈ గుట్టమీద నాకంటే తక్కువవాళ్ళను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఈ రోజు నుంచి ఆ లెక్క కుదరడం లేదు.

మే 15
బయట 51. కొట్టంలో నాలుగున్నరకు 37.

మూడింటికి ఎప్పటిలాగే ఆగింది. నాలుగు నలభైకి సుంకులవ్వ స్తంభానికి ఆనుకున్నది ఆనుకున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా ఉంది. చెమట లేదు. మాట తడబడుతోంది. తడి చీరలు కప్పాం. అవి కూడా నిమిషాల్లో వెచ్చబడ్డాయి. ఇంకా ఇద్దరు ముసలివాళ్ళు, ఒక బాలింత సోలిపోతున్నారు. ఉజ్జినప్ప తలుపు దగ్గర నిలబడి చేతిలో ఉన్న వార్తాపత్రికతో గాలి విసురుతున్నాడు. ఎవరికి విసురుతున్నాడో ఆయనకే తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది, గుట్టమీద చల్లగా ఉన్న గది ఒకటుంది. బ్యాటరీలకు వేడి పనికిరాదు. వాటికి రోజంతా ఇరవై నాలుగు డిగ్రీలు ఉండాలని విధానంలోనే రాసి ఉంది. ఆ తీగను పెట్టె ముట్టుకోదు. మనుషులు లోపలికి వెళ్ళకూడదని తలుపు మీద ఎర్ర అక్షరాలున్నాయి.

తాళం తీశాను. కదిరమ్మ అవ్వను భుజాన వేసుకుంది. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, వాళ్ళ తల్లులు, మొత్తం ముప్పై ఎనిమిది మందిని బ్యాటరీ అరల మధ్య కూర్చోబెట్టాం. ఏ తీగా ముట్టుకోవద్దని ఒక్కొక్కరి ముందు నిలబడి చెప్పాను. పది నిమిషాలకు గోడలోని స్పీకరులోంచి గొంతు వచ్చింది.

"హంపమ్మగారూ, నేను నిఖిలేశ్‌ని. బ్యాటరీ గది తలుపు తెరిచినట్టు చూపిస్తోంది. ఇరవై ఆరుకు వచ్చేసింది."

"లోపల మనుషులుండారు సార్."

"అక్కడ మనుషులు ఉండకూడదమ్మా. బ్యాటరీల మన్నిక దెబ్బతింటుంది."

"ముప్పై ఎనిమిది మంది సార్. ఎవుర్ని బయటికి పంపమంటారో పేరు చెప్పండి, పంపిస్తా."

ఏదో చంటిది ఏడ్చింది. అది అతనికి వినబడే ఉంటుంది.

"ఈ అలారం పరీక్ష కోసం మోగిందని రాసుకుంటానమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆరింటి వరకు."

అతనూ తప్పుడు నమోదు చేశాడు. ఎంత వెతికినా అతన్ని తిట్టడానికి మాట దొరకలేదు. అతను పేరు చెప్పినప్పటినుంచీ కదిరమ్మ గోడవైపే చూస్తోంది.

ఐదున్నరకు అవ్వ కళ్ళు తెరిచింది. చుట్టూ అరలను చూసింది.

"ఎంత సల్లగుండాది మే. మనకంటే ఇవే బాగా బతుకుతాండాయి." తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "మన చట్టంలో పదకొండో సెక్షను చదివినావా?"

"లేదవ్వా."

"నాకు చదువు రాదు. అయినా తెలుసు. రోడ్డుమీద కూసున్నప్పుడు మేము కొట్లాడి రాయించుకున్న మాట అది. లెక్క తప్పయితే సభ పెట్టి దిద్దుకోవచ్చు. మూడింట రెండొంతులు చేతులెత్తితే రెండు దినాల్లో సర్కారు ఒప్పుకొని తీరాల. కాకపోతే తప్పు రాసినోళ్ళు సభలో నిలబడి చెప్పాల. దొంగలెక్కలు రాసుకోనీకి అది సాకు కాగూడదని ఆ మాట గూడా మేమే పెట్టిచ్చినాం."

"తప్పెవరు రాసినారో..."

"నాకు తెలుసులే మే. దినామూ మూడింటికి నా మొగం సూడకుండా పోతాండావు."

మే 16
ఉదయం ఏడు. బయట 36.

ఎండ ముదరకముందే, ఐదున్నరకు, కొట్టంలో సభ పెట్టించాను. 174 మంది సభ్యులు వచ్చారు. ఉజ్జినప్ప ప్రార్థనాగీతంతో మొదలుపెట్టబోయాడు. నేను లేచాను.

మంచి మాటలు సిద్ధం చేసుకోలేదు. పోయినేడు కొట్టం ఏడు గంటలు తిరిగింది, నేను నాలుగని రాశాను, జాబితాలో పైకి రావడానికి రాశాను, పెట్టె వచ్చాక కూడా పదిహేను రోజులు నోరు మూసుకున్నాను అని చెప్పాను. నిఖిలేశ్ పేరు చెప్పింది కూడా అబద్ధమన్నాను. ఆ మాట కదిరమ్మ వైపు తిరిగి చెప్పాలనుకున్నాను. స్తంభం వైపు చూసి చెప్పాను.

ఒకడు చెప్పు విసిరాడు. తగల్లేదు. ఉజ్జినప్ప లేచి, తాను సంతకం మాత్రమే పెట్టానని, చదవలేదని అన్నాడు. తనను కాపాడే మాట అదేనని నిజంగానే నమ్ముతున్నాడు. వెనకనుంచి ఎవరో "అయితే ఇంగ దేనికున్నావప్పా నువ్వు?" అన్నారు. ఆయన కూర్చున్నాడు.

తీర్మానం చదివారు. 116 చేతులు కావాలి. ఆదర్శ సంఘం బోర్డు పోతుందని కొందరు, కేంద్రం కోప్పడుతుందని కొందరు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నిన్న బ్యాటరీ గదిలో తల్లిని పడుకోబెట్టుకున్నవాడు కూడా వాళ్ళలో ఉన్నాడు. లెక్క 115 దగ్గర ఆగింది.

కదిరమ్మ అప్పటిదాకా చెయ్యి ఎత్తలేదు. లేచి నా ముందుకు వచ్చింది.

"మా నాయన ఉడికి సచ్చినాడు. ఇంకొగరు సావకూడదని చెయ్యి ఎత్తుతాండా. నీకోసం కాదు. ఈ పొద్దునుంచి నాతో మాట్లాడొద్దు."

ఆమె ఎత్తాక ఇంకో ఇరవై చేతులు లేచాయి. ఆ ఇరవై మంది అంతకుముందు ఏ ఆలోచనలో ఉన్నారో అడగడం దండగ.

మే 18
బయట 50. కొట్టంలో సాయంత్రం ఆరు వరకు 27.

నలభై ఆరు గంటలకు జవాబు వచ్చింది. సవరణ ఒప్పుకున్నారు. కొట్టం అవసరం ఏడు గంటలు, పైన పావుగంట సడలింపు. పొదుపు జాబితాలో మా స్థానం ఒకటి నుంచి తొంభై ఆరు. మంత్రి పర్యటన రద్దు. తప్పుడు నమోదు చేసినందుకు నా అనుమతిపత్రం రెండేళ్ళు నిలుపుదల, ఈ నెలాఖరు నుంచి.

ఈ రోజు మూడింటికి కొట్టంలో అందరూ మాటలు ఆపి చెవులు రిక్కించారు. యంత్రాలు ఆగలేదు. నాలుగింటికి సుంకులవ్వ గురక పెట్టింది.

నిఖిలేశ్ మాట్లాడాడు. మా సభ తీర్మానం వార్త బయటికి వచ్చిన రోజున్నరలో నలభై ఒక్క సంఘాలు పదకొండో సెక్షను కింద సభలు పెట్టుకుంటామని రాశాయట. మొదటి దరఖాస్తు ఎదురుగుట్టది. ఆ తీగల పండితుడు నాలుగున్నర రాశాడట.

"అందరూనా?" అన్నాను.

"జాబితాలో మొదటి యాభైలో నలభై ఒకటి అమ్మా. ఆ జాబితా తయారుచేసింది నేనే." ఇస్త్రీ చొక్కా లేదు ఈ రోజు. "నాలుగు గంటలెలా సరిపోయాయని నేను ఒక్కసారి కూడా అడగలేదు."

ఊరడించే అర్హత నాకు లేదు.

మే 31
గాలి మొదలైంది, నైరుతి నుంచి. బయట 45.

కొత్త ఆపరేటర్‌గా సభ కదిరమ్మను ఎన్నుకుంది. పని అప్పగించడానికి నాకు వారం ఇచ్చారు. ఆ వారమంతా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను చూపిస్తాను, ఆమె చూస్తుంది, చేస్తుంది. ఏ మీట దేనిదో గాల్లోకి చెబుతున్నట్టు చెప్పాను. నాకంటే త్వరగా నేర్చుకుంది. రేపటినుంచి నాకు పలకల మీద దుమ్ము దులిపే పని ఒక్కటే. నేనే అడిగి తీసుకున్నాను. నాతోపాటు దులపడానికి ఎవరూ ముందుకు రాలేదు.

సాయంత్రం ఆరూ పదికి కదిరమ్మ కొట్టం ఆపింది. తెర తెరిచి, గంటల గడి దగ్గర వేలు ఆపి, నావైపు తిరగకుండా అడిగింది.

"ఈ పొద్దు ఎంతసేపు తిరిగింది?"

"ఏడు గంటల పది నిమిషాలు."

"ఏడని రాయల్నా?"

"ఏడు గంటల పది నిమిషాలని రాయి."

రాసింది.